ఆంధ్రదేశమున కుట్టుపని: తున్నవాయుడు, దర్జీ, టైలరు

ఆంధ్రుల వేషమును గూర్చి వ్రాసినవారియందు ఒక యభిప్రాయము తఱచుగా కనబడుచున్నది. మన పూర్వులు నేత నెఱిగినవారే గాని కుట్టు నెఱుగరనియు, కుట్టిన వస్త్రము మహమ్మదీయ ప్రభువుల కాలమున దక్షిణాపథమునకు వచ్చినదనియు దాని సారాంశము. దీనికి రెండాధారములు చూపుదురు. మన ప్రాచీన శిల్పములలో స్త్రీపురుషులు కట్టిన వస్త్రముతోను చుట్టిన వస్త్రముతోను కనబడుదురే గాని తొడిగిన వస్త్రముతో అరుదుగా కనబడుదురనుట మొదటిది. దర్జీ, జేబు, అస్తరు, ఇజారు మున్నగు మాటలు పారసీక, అరబ్బీ భాషలనుండి వచ్చినవనుట రెండవది. ఈ రెండును యథార్థములే. కాని వీనినుండి తీసిన సిద్ధాంతము నిలువదు.

కత్తిరించుట వేఱు, కుట్టుట వేఱు. మేని కొలతను బట్టి గుడ్డను ముక్కలుగా కత్తిరించి తొడుగుగా కూర్చుట యొక పని. చినిగినదానిని అతుకుట, ప్రాత కోకలను చేర్చి బొంతగా కుట్టుట, పఱుపులో దూది నింపి కుట్టివేయుట మఱియొక పని. మొదటిది రాజాస్థానముల వెంటను, సేనల వెంటను, వర్తకుల వెంటను మనదేశమున వ్యాపించినది. రెండవది అంతకు పూర్వమునుండియు నున్నది. ఈ భేదమును గుర్తింపక పోవుటచేత చరిత్రకారులు రాజుల కబాయిని గూర్చి వ్రాసి, కాపు యొక్క బొంతను మఱచినారు. శబ్దములు, శాస్త్రములు, శిల్పములు, విదేశీయుల వ్రాతలు ఈ విషయమున నేమి చెప్పుచున్నవో పరిశీలింతము.

1. శబ్దవిచారము

తెలుగున కుట్టు అను క్రియ దేశ్యము. తేలు కుట్టును, తేనెటీగ కుట్టును, బిడ్డకు చెవులు కుట్టింతుము, మోదుగాకులను విస్తరిగా కుట్టుదుము, గుడ్డను సూదితో కుట్టుదుము. వాడియైన మొనతో పొడుచుట యన్నింటికిని సమానమైన యర్థము. విస్తరి కుట్టుటకు సూదియు దారమును అక్కఱలేదు. ఆకును ఆకుతో చేర్చి, సన్నని పుల్లతో గ్రుచ్చి, మిగిలిన పుల్లను త్రుంచివేసిన పని ముగియును. గ్రుచ్చి చేర్చు విద్య మన పంక్తిభోజనమునందే యుండగా, అది గుడ్డ విషయమున మాత్రము తెలియకపోయె ననుట యుక్తము గాదు.

సూది యనునది సంస్కృత సూచీశబ్దభవము. సూదిని, కుట్టుటను పేర్కొన్న మంత్రము ఋగ్వేదము రెండవ మండలముననే గలదు. దారము, దబ్బనము, అతుకు, మాసిక, బొంత, పఱుపు, తలగడ, దిండు, తెర, మేలుకట్టు అను మాటలలో నొక్కటియైనను పారసీకమునుండి గాని పోర్తుగీసునుండి గాని వచ్చినది కాదు. పఱచునది పఱుపు, తలక్రింద నుండునది తలగడ, మీద కట్టునది మేలుకట్టు. ఇవి యన్నియు పడకకు, ఇంటికి, మరమ్మతునకు సంబంధించిన మాటలు.

ఇక మేని తొడుగునకు సంబంధించిన మాటలను చూడుడు. జేబు, ఇజారు, కమీజు అరబ్బీ పదములు. అస్తరు, గజము పారసీకములు. బొత్తాము, ఇస్త్రీ పోర్తుగీసువారు తెచ్చినవి. కాలరు, కోటు ఇంగ్లీషువారివి. ఈ రెండు పట్టికలను ప్రక్కప్రక్కన నుంచిన చరిత్రము తనంతట తానే తెలియును. ఇంటి కుట్టునకు ఇంటి మాటలున్నవి. కత్తిరించి కూర్చిన తొడుగునకు వలస వచ్చిన మాటలున్నవి. ఱవిక యొక్కటి దీనికి ముఖ్యమైన యపవాదము. దానిని గూర్చి ముందు చెప్పెదను.

కత్తెర శబ్దము సంస్కృత కర్తరీభవము గదా, కత్తిరించుటయు మనకు ప్రాచీనమే గదా యని పండితు లాక్షేపింపవచ్చును. కత్తిరించు పనిముట్టు మనకు లేదని నేననుట లేదు. వెండ్రుకలకును, గుడ్డకును కత్తెర యుండెను. మేని కొలతకు గుడ్డను కత్తిరించుట సామాన్యజనుల నిత్యాచారము కాలేదనుట మాత్రమే నా వాదము.

కుట్టుపనివాని నామములు ఇంతకంటె విశేషమైనవి. సంస్కృతమున నతడు తున్నవాయుడు, సౌచికుడు. తున్నము అనగా పొడువబడినది, చినిగినది. వాయుడు అనగా నేయువాడు. చినిగినదానిని మరల నేయువాడే తున్నవాయుడు. సూచితో జీవించువాడు సౌచికుడు. పారసీకమున దర్జ్ అనగా కుట్టు, దానినుండి దర్జీ. మహారాష్ట్రమున శింపి, కర్ణాటమున చిప్పిగ. శింపి శబ్దము శిల్పి శబ్దభవమని నిఘంటుకారుల మతము. ఇంగ్లీషున టైలరు అను మాట ఫ్రెంచిభాషలోని కత్తిరించు అను నర్థముగల క్రియనుండి పుట్టినది. ఒకడు చినుగును బట్టి, ఒకడు సూదిని బట్టి, ఒకడు కుట్టును బట్టి, ఒకడు శిల్పమును బట్టి పేరు పొందినారు. కత్తెరను బట్టి పేరు పొందినవాడు కడపట వచ్చిన టైలరు ఒక్కడే.

2. శాస్త్రములలో తున్నవాయుడు

అమరసింహుడు ద్వితీయకాండమున శూద్రవర్గమందు నేతగాని వెంటనే తున్నవాయుని చెప్పి, సౌచికశబ్దమును పర్యాయముగా నిచ్చినాడు. ఈ సాన్నిధ్యము యాదృచ్ఛికము కాదు. ఒకడు క్రొత్తగా నేయును. రెండవవాడు చినిగినచోట మరల నేయును. రఫు చేయుటను చూచినవారికి ఈ వ్యుత్పత్తి ఎంత సార్థకమో తెలియును. పనివాడు ఆ గుడ్డయంచుననే, మడతలో కనబడనిచోట, కొన్ని పోగులను లాగుకొనును. చినుగునకు అడ్డముగా కొన్ని పోగులను, నిలువుగా కొన్నింటిని సూదితో పోనిచ్చి, పడుగు పేకలవలె ఒకదానిక్రిందుగా నొకదానిని దాటించును. పని ముగిసిన పిమ్మట చినుగు ఎక్కడనుండెనో వెదకవలసి యుండును. ఇది కుట్టుట కాదు, సూదితో నేయుట.

అమరమున మనుష్యవర్గమందు జీర్ణవస్త్రమునకు పటచ్చరమని ప్రత్యేకనామము గలదు. తలగడకు ఉపధానము, తెరకు జవనిక, మేలుకట్టునకు వితానము, గుడ్డయింటికి దూష్యము చెప్పబడినవి. చోళము, కూర్పాసకము అను తొడుగులును అక్కడనే యున్నవి. కంచుకమును మాత్రము వారబాణముతో చేర్చి క్షత్రియవర్గమున చెప్పినాడు. అనగా నది యోధుని యుడుపుగా పరిగణింపబడెను.

మనుస్మృతి నాల్గవ యధ్యాయమున ఎవరి యన్నము తినరాదో చెప్పు పట్టికలో నటునితోను కృతఘ్నునితోను తున్నవాయుని చేర్చినారు. ఈ నిషేధము వానికి గౌరవము కాకున్నను మనకొక సాక్ష్యము. లేని వృత్తిని నిషేధింపరు గదా. కౌటిలీయ అర్థశాస్త్రము నాల్గవ యధికరణమున చాకలివారికి చెప్పిన నియమములే తున్నవాయులకును వర్తించునని యున్నది. పరుల వస్త్రమును అమ్మినను, అద్దెకిచ్చినను, కుదువబెట్టినను చాకలికి 12 పణముల దండనము. మార్చినయెడల రెట్టింపు వెలయు, వస్త్రమును ఇయ్యవలయును. తున్నవాయుడు తన గుడ్డతో తొడుగు చేసి అమ్మువాడుగా గాక, ఇతరుల గుడ్డను నమ్మకముగా పుచ్చుకొని బాగుచేసి తిరిగి యిచ్చువాడుగా ఈ శాస్త్రమున కనబడుచున్నాడు. 1909లో శామశాస్త్రిగారు ఈ గ్రంథమును ప్రకటించిన పిమ్మట రాజనీతిని గూర్చి వెలువడిన చర్చలు అనేకములు. ఈ చిన్న సూత్రమును పట్టించుకొన్నవారు కొలదిమంది.

3. అఖండవస్త్రము, ఖండితవస్త్రము

మన వైదికాచారమున కర్మకు అఖండవస్త్రము ప్రశస్తము. మడి కట్టుదురే గాని మడి తొడుగరు. పేరంటమునకు వచ్చిన ముత్తైదువకు తాంబూలముతో నిచ్చు ఱవికగుడ్డ కూడ కత్తిరింపని గుడ్డయే; అది ఇంటికి పోయిన తరువాతనే ఱవిక యగును. ఈ యాచారమును బట్టి కుట్టు లేదనుట కాదు, కుట్టిన దానికి కర్మలో చోటు లేదని మాత్రమే తెలియవలయును.

ఇందుకు విరుద్ధముగా బౌద్ధ సంఘము ఖండితవస్త్రమునే కోరి యెన్నుకొనెను. వినయపిటకమున మహావగ్గమందలి చీవరఖండమునందు ఈ కథ గలదు. బుద్ధుడు మగధ దేశపు వరిమళ్లను, వాని గట్లను చూపి, అట్టి కూర్పుతో చీవరము చేయవచ్చునా యని ఆనందు నడిగెను. ఆనందుడు ముక్కలను కత్తిరించి, మడులవలెను గట్లవలెను కూర్చి కుట్టించెను. కత్తిరించిన గుడ్డకు వెల తగ్గును, దొంగ ఆశపడడు, భిక్షువునకు తగియుండును అను కారణము కూడ చెప్పబడినది. చుల్లవగ్గమున సూదులు, సూదిగొట్టములు, వ్రేలి తొడుగులు, గుడ్డను బిగించి కుట్టుటకు కఠినమను చట్రము పేర్కొనబడినవి. వర్షావాసానంతరమున ఒక్క దినములో చీవరమును కత్తిరించి, కుట్టి, రంగు వేసి ముగించు కఠినవిధి నేటికిని థేరవాద దేశములలో జరుగుచున్నది.

భట్టిప్రోలు, అమరావతి, గుంటుపల్లి, శాలిహుండము, నాగార్జునకొండలలో శతాబ్దులకొలది భిక్షువులు వసించిరి. నాగార్జునకొండ శాసనములలో తామ్రపర్ణి థేరవాదుల ప్రసక్తియు గలదు. నికాయభేదము లెన్ని యున్నను ముక్కలు కూర్చిన చీవరము సంఘమునకు సామాన్యము. కనుక కృష్ణాతీరమున సూది పట్టి గుడ్డముక్కలు కుట్టుకొన్న వారు క్రీస్తుశకారంభకాలము నాటికే వేలకొలది యుండిరి. కుట్టు మనకు తెలియదను సిద్ధాంతమునకు ఈ యొక్క విషయము చాలును.

4. శిల్పములు, యాత్రికులు

శిల్పసాక్ష్యమును జాగ్రత్తగా చదువవలయును. అమరావతి ఫలకములలో ప్రభువులు, స్త్రీలు సన్నని కట్టుబట్టలతో నుండగా, పరిచారకులు కొందఱు కుట్టిన చొక్కాయిలతో కనబడుచున్నారు. ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండ స్తంభముపై గడ్డముతో, శిరస్త్రాణముతో, దళసరి యంగీతో నిలిచిన శకయోధుని వంటి మూర్తి ప్రసిద్ధము. తొడుగు అప్పటికి కన్నులకు తెలిసినదే. కాని అది పరదేశీయుల గుఱుతుగా, సేవకుల గుఱుతుగా తెలిసినది. అమరుడు కంచుకమును క్షత్రియవర్గమున నుంచుటయు దీనికి సరిపోవుచున్నది.

7వ శతాబ్దిలో మన దేశమునకు వచ్చి ఆంధ్రమును, ధాన్యకటకమును చూచిన హ్యూన్‌త్సాంగు, భారతీయుల వస్త్రములకు కత్తిరింపు లేదనియు, చలిగల ఉత్తరభాగమున మాత్రము బిగువైన పొట్టి యుడుపులు ధరింతురనియు వ్రాసినాడు. 13వ శతాబ్ది చివర మార్కోపోలో మాబారున, అనగా తమిళ తీరమున, అంగీని కత్తిరించి కుట్టు దర్జీ యొక్కడును లేడనెను. అతడే మోటుపల్లి రాజ్యమును చెప్పునప్పుడు సాలెగూటివంటి సన్నని వస్త్రములను కొనియాడి, వానిని ధరింప సిగ్గుపడు రాజు ప్రపంచమున లేడనెను. ఆ మొదటి వాక్యమును తెలుగుదేశమునకు అన్వయించుట దోషము. అన్వయించినను, అంగీ కత్తిరించువాడు లేడనుటకే అది సాక్ష్యము. సూది పట్టువాడు లేడని దానివలన సిద్ధింపదు.

5. కుల్లాయి, కూర్పాసము, కబాయి

కత్తిరింపు గల తొడుగు తెలుగు కవిరాజుల వేషమున స్పష్టముగా కనబడుట 15వ శతాబ్దినుండి. కర్ణాటాస్థానమునకు పోయిన శ్రీనాథుడు తన కష్టములు చెప్పుకొన్న ప్రసిద్ధ చాటువున తలకు కుల్లాయి, నడుమునకు కోక, మేనికి పెద్ద కూర్పాసము పేర్కొనబడినవి. ఈ మూడింటి కలయికయే చరిత్రము. కుల్లాయి పారసీక శబ్దము. కోక తెలుగు మాట, కట్టునది. కూర్పాసము అమరమునుండి వచ్చిన మాట, తొడుగునది. ఆస్థానమునకు పోవలసి వచ్చిన కవి మూడు లోకముల వేషము నొక్కమాఱు ధరింపవలసి వచ్చెను.

1443లో విజయనగరమునకు వచ్చిన అబ్దుర్ రజాకు, రాజు పట్టు అంగీ ధరించి యుండగా చూచినట్లు వ్రాసెను. కృష్ణదేవరాయల కాలమున వచ్చిన పేసు, రాజు పోర్తుగీసువారి నాయకునకు జరీ కబాయిని, కుల్లాయిని బహూకరించెనని తెలుపుచున్నాడు. అయినను తిరుమల దేవాలయమందలి కృష్ణదేవరాయల లోహప్రతిమను చూడుడు. తలమీద ఎత్తైన కుల్లాయి యున్నది. మేన తొడుగు లేదు. అదే 16వ శతాబ్దిలోని లేపాక్షి చిత్రములలో కుల్లాయితో, పొడవైన అంగీలతో నిలిచిన రాజపురుషులున్నారు. ఒకే కాలమున, ఒకే వర్గమున, సభలో కబాయి, దేవుని సన్నిధిని అఖండవస్త్రము. విజయనగర రాజుల ఈ వేషమును గూర్చి 1996లో ఫిలిప్ వాగొనరు వ్రాసిన వ్యాసము, దీనిని అనుకరణముగా గాక విశాలమైన రాజలోకమున స్థానము పొందుటకు చేసిన యెన్నికగా నిరూపించినది.

నూనిజు వ్రాసిన మఱియొక మాట మన ప్రకృతమునకు ముఖ్యము. విజయనగర రాజు ఒకమాఱు కట్టిన వస్త్రమును మరల కట్టడనియు, విడిచిన వెంటనే దాని నధికారులు లెక్కతో తీసికొందురనియు, దాని నెవ్వరికిని ఈయరనియు అతడు చెప్పినాడు. ఆ రాజునకు తున్నవాయుని యక్కఱ లేదు. అతని ప్రజలకు మాత్రము నిత్యము నక్కఱ గలదు. మనము వ్రాసిన వేషచరిత్రము ఇంతవఱకు ఎక్కువగా మొదటివాని చరిత్రము.

6. బొంత, పఱుపు, ఱవిక

ఇంటి కుట్టునకు శాసనములు లేవు, వస్తువులే శాసనములు. ప్రాత కోకలను మూడు నాలుగు పొరలుగా పఱచి, అంచులు మడిచి, ఒక కొననుండి మఱియొక కొనకు వరుసగా సూదిని పోనిచ్చినచో బొంత యగును. ఒక్కొక పొర తనంతట నిలువలేనంత నలిగినదే. కాని అన్నియు కలిసి చలికాలపు రాత్రులను చాలయేండ్లు ఆపును. సంస్కృతమున కంథయని చెప్పబడి, యోగులకు ఉడుపైనది ఇట్టిదే. స్త్రీలు పగటిపూట పని తీరినపిమ్మట కుట్టిన ఈ బొంతలకు కూలి లేదు, లెక్క లేదు; కనుక కుట్టుపని చరిత్రమునందు వారికి పేరును లేదు.

పఱుపు పని దూదేకులవారిది. దూదిని ఏకుట చేతనే వారికి ఆ నామము; పింజారులనియు, నూర్‌బాషులనియు కూడ వారిని పిలుతురు. తెలుగు మాటాడు ఈ మహమ్మదీయులు పెద్ద వింటి నారిని దూదిపై నుంచి కొయ్యతో మీటుదురు. ఆ యదురునకు గడ్డకట్టిన దూది విడిపోయి నురుగువలె లేచును. ప్రాత పఱుపును విప్పి, దూదిని తిరిగి ఏకి, సమముగా పఱచి, దూది ఒకచోటికి జరుగకుండునట్లు దబ్బనముతో అక్కడక్కడ బిగించి కుట్టుదురు. వింటినారి ధ్వని వీథిలో వినబడగానే ఇంటింటినుండి ప్రాత పఱుపులు బయటికి వచ్చుట పెద్దలకు జ్ఞాపకముండును. పోతులూరి వీరబ్రహ్మముగారి ప్రియశిష్యుడైన సిద్దయ్య ఈ కులమువాడగుటచే దూదేకుల సిద్దయ్యగా ప్రసిద్ధుడయ్యెను.

ఇక ఱవిక. పూర్వము తెలుగు స్త్రీ నిత్యము ధరించుచుండిన కుట్టిన వస్త్రము ఇదియొక్కటే గావున కత్తిరింపు విద్య సామాన్యుల యింటికి ప్రవేశించిన ద్వారము ఇదియేయని నా యూహ. దీనికి కొలత కావలయును. చంక క్రింద మడత కావలయును. వృద్ధిపొందు బాలికకు కుట్టునప్పుడు కుట్టులోపల రెండంగుళముల గుడ్డను దాచియుంచి, ఏడాదికొకమాఱు విప్పి వదులు చేయుదురు. క్రొత్తది చేయునప్పుడే ముందు రాబోవు మరమ్మతును ఊహించుట ఈ వృత్తి యొక్క వివేకము. తెలంగాణమున మేరవారును, కోస్తా జిల్లాలలో రంగారి మున్నగువారును ఈ పనిని కులవృత్తిగా చేసినారు.

7. యంత్రము వచ్చిన తరువాత

అమెరికాలో ఇలయాస్ హోవు 1846లోను, సింగరు 1851లోను కుట్టుయంత్రమునకు హక్కుపత్రములు పొందిరి. మీదినుండి సూదిదారము, క్రిందనుండి మఱియొక దారము వచ్చి గుడ్డలో పెనవేసికొనుట దీని రహస్యము. చేతికుట్టునకు పూటపట్టు పని గడియలో ముగియసాగెను. యంత్రములను అంతగా శంకించిన గాంధీమహాత్ముడు 1924లో కుట్టుయంత్రమును మాత్రము మినహాయించెను. భార్య సూదితో పడు శ్రమను చూచిన ప్రేమచేత సింగరు దానిని కనుగొనెనని యతడు చెప్పెను.

యంత్రము కత్తెరకు జయము తెచ్చెను. చొక్కాయి, లాగు, జాకెట్టు ప్రతి గ్రామమునకు వచ్చినవి, దర్జీ టైలరయ్యెను. కాని రఫు చేయుటకు చేతిసూదియే కావలసియుండెను. తరువాత కర్మాగారములలో కుట్టిన బట్టలు బజారునిండ వచ్చి టైలరుయొక్క కత్తెరను కూడ చాలవఱకు మూలకు నెట్టినవి. నేడు పట్టణములలో దుకాణపు టరుగుమీద యంత్రము పెట్టుకొన్నవాని పని చూడుడు. పొడవైన లాగును పొట్టిచేయును; వదులైనదానిని బిగించును; చీరెకు ఫాల్సు కుట్టును; చెడిన జిప్పును మార్చును; తెరల యంచులు మడుచును. క్రొత్త చొక్కాయి కుట్టించుకొనువా రరుదు. పేరు టైలరు, వృత్తి మాత్రము మరల తున్నవాయునిదే. రెండువేల యేండ్ల ప్రదక్షిణము చేసి ఈ వృత్తి తన మొదటి పేరును చేరినది.

ఈ విచారము వలన తేలినది ఇది. కుట్టు మనకు పరదేశము నుండి రాలేదు. కత్తిరించిన తొడుగు పెక్కుమాఱులు, పెక్కు మార్గముల వచ్చినది. మన సూదికి మొదటి పని క్రొత్తదానిని సృష్టించుట కాదు, ఉన్నదానిని నిలుపుట. 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను ప్రకటించిన సురవరము ప్రతాపరెడ్డిగారు కావ్యములనుండి సామాన్యుల జీవితమును ఏఱి కూర్చు మార్గమును చూపిరి. 1962లో వ్యవసాయపదములతో ఆరంభమైన మాండలిక వృత్తిపదకోశము వృత్తుల వారి నోటిమాటలను సేకరించు పద్ధతిని చూపినది. అంత శ్రద్ధయు సూదివారి మాటలకును చెల్లవలయును. పాఠశాలల పండితులు తమ గ్రామములోని మేరవానిని, దూదేకులవానిని, బొంత కుట్టు ముదుసలిని అడిగి, ఒక్కొక కుట్టుకు వారు చెప్పు పేరును వ్రాసికొని పంపినచో పరిషత్తులకు మహోపకారము చేసినవా రగుదురు. ఆ పేర్లు శాసనములపై లేవు. చెప్పువారు పోయినచో వానిని మరల నేయగల తున్నవాయుడు లేడు.